రొయ్యలు ఒలిచే క్రియ

రామచంద్రపురంలో స్పానిష్ నేర్పేవాడు ఒకడున్నాడంటే మొదట ఎవరూ నమ్మరు. నమ్మినవాళ్లు వెంటనే "ఎందుకండీ?" అంటారు. పదిహేనేళ్లపాటు ఆ ప్రశ్నకి మనిషినిబట్టి ఒక్కో సమాధానం చెబుతూ వచ్చాను. ఒకసారి ద్రాక్షారామం బస్సులో పక్క సీటు పెద్దాయన మరీ గుచ్చి గుచ్చి అడిగితే, "ఇంట్లోవాళ్లకి అర్థం కాకుండా మాట్లాడుకోడానికండి" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి అవతల నుంచి మాట్లాడేవారెవరండీ?" అన్నాడు. నేను దిగాల్సిన స్టాపు కంటే ముందే దిగిపోయాను.

ఈ మధ్యే ఆ పని మానుకున్నాను. కాకినాడలో ఒక అమ్మాయి, భీమవరంలో ఇద్దరు కుర్రవాళ్లు కొత్తగా స్పానిష్ చెప్పడానికి దిగారట. ఫోను చేసి, "సార్, మీ సిలబస్ పంపండి" అంటున్నారు. సిలబస్ నా దగ్గర లేదు. ఉన్నది రాస్తున్నాను.

పోస్ట్‌మాస్టరు గారి కార్డులు

నేను అసలు పత్రిక మనిషిని. రాజమండ్రిలో ఒక దినపత్రిక డెస్కులో ఆటల పేజీ చూసేవాణ్ణి. పరదేశపు ఫుట్‌బాల్ ఆటగాళ్ల పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ధైర్యంగా రాసేసేవాళ్లం. మా దురదృష్టంకొద్దీ మండపేటలో ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు గారికి స్పానిష్ వచ్చు. ఎలా వచ్చో ఎవరికీ తెలియదు. వారం వారం కార్డు రాసేవారు. "అది జ కాదు, హ. పోయిన వారమే చెప్పాను. మీ ఆఫీసులో కార్డులు చదివేవాళ్లు లేరా, చదవడం వచ్చినవాళ్లే లేరా?"

మా ఎడిటర్ గారు ఆ కార్డులన్నీ కట్టగా కట్టి నా బల్ల మీద పెట్టారు. "ఈయన చేత రాయడం మాన్పించు. లేదా నువ్వు నేర్చుకో" అన్నారు. మాన్పించడం నా వల్ల కాలేదు. అలా స్పానిష్ వచ్చింది. ఒక భాష నేర్చుకోడానికి ప్రేమా వ్యాపారమూ కారణాలుగా చెబుతారు. అవమానం అన్నిటికంటే త్వరగా నేర్పిస్తుంది.

తర్వాత మా ఎడిషన్‌ను విజయవాడ ఎడిషన్‌లో కలిపేశారు. డెస్కు పోయింది. అప్పుడే రామచంద్రపురంలో కోచింగ్ సెంటరు నడిపే సత్యం గారు కబురు చేశారు. కొబ్బరికాయల గోడౌను మీద రెండు గదులు. ఒక గదిలో ఇంటర్మీడియట్ లెక్కలు, రెండో గదిలో నేను.

ఆరు రూపాలు

స్పానిష్ చెప్పేటప్పుడు మొదటి రోజే ఒక క్రియ పట్టుకోవాలి. మాట్లాడటానికి "ఆబ్లార్" అంటారు. చివరి "ఆర్" తీసేస్తే "ఆబ్ల్" మిగులుతుంది. దానికి తోకలు తగిలించాలి. నేను మాట్లాడతాను, ఆబ్లో. నువ్వు మాట్లాడతావు, ఆబ్లాస్. అతను మాట్లాడతాడు, ఆమె మాట్లాడుతుంది, రెండిటికీ ఆబ్లా. మేము, ఆబ్లామోస్. మీరందరూ, ఆబ్లాయిస్. వాళ్లు, ఆబ్లాన్. ఈ తోకలు ఒకసారి నోటికి వస్తే ఇలాంటి క్రియలు వందల్లో ఉన్నాయి, అన్నీ ఇదే దారిన నడుస్తాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ పాఠం ఇంగ్లీషులో చెప్పకండి. ఇంగ్లీషు మీదుగా వెళ్లిన పిల్లలు ప్రతి మాట ముందూ "నేను, నేను" అని తగిలిస్తారు. తెలుగువాడికి ఆ అవసరం ఏమిటి? "వస్తాను" అంటే ఎవరు వస్తారో తోకే చెబుతుంది. స్పానిష్ కూడా అంతే. "ఆబ్లో" అంటే చాలు. అది ఇప్పుడు మాట్లాడటమా, రోజూ మాట్లాడటమా, రేపు మాట్లాడటమా అని కూడా కంగారు పడక్కర్లేదు. మన "మాట్లాడతాను" రోజుకీ రేపటికీ సరిపోవడం లేదూ? వాళ్ల "ఆబ్లో" దానికంటే ఇంకొంచెం సర్దుకుపోతుంది.

మన జిల్లాలవాళ్లకి ఒక్క చోట పేచీ వస్తుంది. చనువుగా అనే "నువ్వు" వాళ్ల నోట పలకదు. స్పానిష్‌లో మర్యాద మాట "ఉస్తెద్" ఉంది, మన "మీరు" లాంటిది, తోక మాత్రం "అతను"దే. అది చెప్పిన రోజు నుంచి క్లాసంతా ఆ ఒక్క మాట మీదే బతికేస్తారు. ఓడ ఉద్యోగానికి వెళ్లాలని వచ్చిన ఒకాయన మెట్ల మీద పడుకున్న కుక్కతో కూడా, "ఉస్తెద్ కొంచెం జరుగుతారా" అన్నట్టే మాట్లాడేవాడు. కుక్క జరిగేది కాదు. నేను ఈ జబ్బును మాన్పించడానికి నాలుగేళ్లు ప్రయత్నించి వదిలేశాను. మీరు ఒక్క రోజు కూడా ప్రయత్నించకండి. మర్యాద ఎక్కువై ఎవరికీ ఉద్యోగం పోలేదు. అలా అని నేను చాలాకాలం అనుకున్నాను.

నూకరత్నం

నూకరత్నం ఉప్పాడ వైపు మత్స్యకారుల కుటుంబం మనిషి. ముప్పై దాటి రెండు మూడేళ్లు ఉంటాయి. కాకినాడ రోడ్డులో రొయ్యలు శుభ్రం చేసి ఐసులో పెట్టి విదేశాలకి పంపే ప్లాంటు ఒకటి ఉంది. పెళ్లయినప్పటి నుంచి అక్కడే ఒలిచే బల్ల దగ్గర పని. ఆ ప్లాంటులో ఫ్లోర్ సూపర్‌వైజరు పోస్టు ఒకటి ఖాళీ అయింది. సరుకు కొనే స్పెయిన్ కంపెనీవాళ్లు, ఈసారి సూపర్‌వైజరుగా తమ ఇన్‌స్పెక్టరుతో నాలుగు ముక్కలు మాట్లాడగల మనిషి కావాలన్నారట. మేనేజరు రాజు గారు పని తెలిసిన మనిషిని వెతికి నూకరత్నాన్ని మా దగ్గరికి పంపారు.

మొదటి రోజు అడిగాను, "ఆ పోస్టు అంత ముఖ్యమా అమ్మా?"

"ముఖ్యమేనండి. సముద్రంలో వేట నిషేధం రోజుల్లో మా ఆయన ఇంట్లో ఉంటాడు. చెరువుల్లో రొయ్యల పట్టుబడి లేనప్పుడు మమ్మల్ని పనిలోకి రావద్దంటారు, నేనూ ఇంట్లో ఉంటాను. రెండూ ఒకేసారి వస్తే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలండి. సూపర్‌వైజరైతే పన్నెండు నెలలూ పిలుస్తారు."

"ఆయన మొహం చూడటం అంత కష్టమా?"

"నెలా రెండు నెలలైతే పర్లేదండి."

ఆరు రూపాలూ బోర్డు మీద రాశాను. ఆమె నాలుగో దాని దగ్గర ఆగిపోయింది.

"మాస్టారూ, ఆబ్లామోస్ అంటే మనమా, మేమా?"

"రెండూనమ్మా."

"అదెలాగండీ? మేము అంటే మీరు లేరు. మనం అంటే మీరున్నారు. వాళ్లకి తేడా తెలియదా?"

"వాళ్లకి అక్కర్లేదు."

"పెళ్లికి పిలిచేటప్పుడు గొడవలు రావాండీ?"

పదిహేనేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఇంత చెవి ఉన్న మనిషిని నేను ఎలా చెడగొట్టానో ఇప్పుడు చెబుతాను.

సత్యం గారి ఇంపార్టెంట్లు

నేను మా ఊరి బడిలో ఎక్కాలు నేర్చుకున్న పద్ధతిలోనే ఆరు రూపాలూ పాడించేవాణ్ణి. కింద కొబ్బరికాయలు దించేవాళ్లకి కూడా ఆబ్లో ఆబ్లాస్ వచ్చేసింది. వినడానికి ముచ్చటగా ఉండేది. అందులో ఉన్న లోపం ఎక్కాల్లో ఉన్నదే. ఏడెనిమిదులు ఎంత అంటే, ఏడొకట్ల దగ్గర నుంచి మొదలుపెట్టిగాని చెప్పలేం. నూకరత్నాన్ని "వాళ్లు మాట్లాడతారు అను" అంటే, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ మొదటి మెట్టు నుంచి దిగి వచ్చేది. ఆ లోపల ఎదుటి మనిషి వెళ్లిపోవచ్చు.

దీన్ని సరిచేయడానికి నాకు ఇంకో నెల కావాలి. ఇన్‌స్పెక్టరు పది రోజుల్లో వస్తున్నారన్నారు. ఇనెస్ ఆవిడ పేరు. ప్లాంటులో అందరూ ఇనేసమ్మ గారు అంటారు.

సత్యం గారు లెక్కల గదిలోంచి వచ్చి, నా బాధ విని, కుర్చీలో వెనక్కి వాలారు.

"దీనికింత ఆలోచనేంటండీ మాస్టారూ? ఇంటర్ పిల్లలకి ఇంపార్టెంట్లు ఇవ్వట్లేదా? ఇనేసమ్మ గారికీ ఇంపార్టెంట్లు ఉంటాయి."

"ఆవిడ ఏం అడుగుతుందో మనకేం తెలుసండీ?"

"ఇంటర్ బోర్డువాళ్లు ఏం అడుగుతారో తెలిసే ఇస్తున్నామా?"

నేను కాదనాల్సింది. కాదనలేదు. ఎందుకంటే ఆ ఆలోచన నాకూ నచ్చింది. ఇరవై ప్రశ్నలు, ఇరవై సమాధానాలు, వరస నంబర్లతో రాసిచ్చాను. పేరేంటి, ఊరేంటి, ఎలా ఉన్నారు, ఈ ప్లాంటు ఎలా ఉంది. చాలా అందంగా వచ్చింది. నూకరత్నం తొమ్మిది రోజుల్లో మొత్తం అప్పజెప్పేసింది, ఒక్క తప్పు లేకుండా. సత్యం గారు పక్క గది పిల్లల్ని పిలిచి వినిపించారు. వాళ్లు చప్పట్లు కొట్టారు.

ఈ పనిలో చేరేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. శిష్యురాలు తప్పు లేకుండా అప్పజెప్పిన రోజు మీరు సంతోషించారంటే, మీరు ఆమెకి భాష నేర్పడం మానేసి కొంత కాలమైందన్నమాట.

ఇనేసమ్మ గారు

ఇనేసమ్మ గారు వచ్చిన రోజు నన్ను కూడా ప్లాంటుకి రమ్మన్నారు. ఆవిడ చివర్లో చెప్పేది మేనేజరుకి తెలుగులో చెప్పాలి. అంతవరకూ నోరెత్తకూడదు. తెల్ల టోపీ, మూతికి గుడ్డ, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. బూట్లు రెండూ ఎడమ కాలివే ఇచ్చారు. మర్యాదస్తుణ్ణి కాబట్టి తొడుక్కున్నాను.

హాలు చల్లగా ఉంది. పొడుగాటి స్టీలు బల్లలు, వాటి మీద ఐసు, ఇటూ అటూ ఆడవాళ్లు. ఆ రోజు ఆర్డరులో రొయ్యకి తల తీసి, నరం తీసి, పొట్టు ఒలిచి, తోక మాత్రం ఉంచాలి. తోక విరిగినవి వేరే ట్రేలో వేయాలి.

ఇనేసమ్మ గారు పొట్టిగా, చురుగ్గా, మాట తొందరగా ఉండే మనిషి. నూకరత్నం ఎదురుగా నిలబడి, మెడలో కార్డు చూసి పేరు చదువుకుంది. దాంతో మా మొదటి ప్రశ్న పోయింది. తిన్నగా అడిగింది, ఇక్కడ మీరు ఏం పని చేస్తారు అని.

నూకరత్నం చేతులు కట్టుకుని, "నా పేరు నూకరత్నం" అంది స్పానిష్‌లో.

ఈ బల్ల మీద ఎంతమంది ఒలుస్తారు, అని అడిగింది ఆవిడ.

"ఉప్పాడ దగ్గర మా ఊరు."

ఐసు ఎంతసేపటికి ఒకసారి మారుస్తారు?

"చాలా బాగున్నాను. మీరు ఎలా ఉన్నారు?"

ఉచ్చారణ మాత్రం ఎక్కడా వంక పెట్టలేం. ఇనేసమ్మ గారు తాను బాగానే ఉన్నానని చెప్పి, చేతిలో కాగితం మీద ఏదో గీసింది. రాజు గారు నా వైపు చూశారు. నేను నా రెండు ఎడమ బూట్ల వైపు చూసుకున్నాను. నూకరత్నానికి తప్పు జరుగుతోందని తెలుసు. కళ్లలో కనిపిస్తోంది. నాలుగో సమాధానం నాలుక చివర సిద్ధంగా ఉంది, దాన్ని ఆపడం ఆమెకి తెలియడం లేదు. దాన్ని అక్కడ పెట్టింది నేను.

ఇంక మాటలు లాభం లేదనుకుందేమో, ఇనేసమ్మ గారు గ్లవుజులు తొడుక్కుని బల్ల దగ్గర నిలబడింది. ఒక రొయ్య తీసుకుని ఒలిచింది. తోక విరిగింది. దాన్ని తీసుకెళ్లి మంచి ట్రేలో వేసింది. రెండోది తీసింది. అదీ విరిగింది. అదీ మంచి ట్రేలోనే.

బల్ల చుట్టూ ఇరవై మంది చూశారు. తప్పని చెప్పేదెవరు? పెద్దావిడ, పైగా కొనేవాళ్ల తరఫు మనిషి. ఒకామె చప్పుడు కాకుండా చెయ్యి చాపి, విరిగిన రొయ్యని తీసి పక్క ట్రేలో వేయబోయింది. రాజు గారు కళ్లతోనే వారించారు. తర్వాత నవ్వుతూ, "పర్లేదండి, పర్లేదండి" అన్నారు తెలుగులో. ఆ మాట అర్థం కాకపోయినా ఆవిడకి బాగా అలవాటైనట్టుంది, తల కూడా ఎత్తలేదు. మన జిల్లాల్లో పైవాళ్లు ఏది పాడుచేసినా మనం అనే మాట అదే. నేను డెస్కులో ఉన్నప్పుడు ఎడిటర్ గారు శీర్షిక పాడుచేసినప్పుడల్లా అదే అన్నాను.

మూడో రొయ్య మీద ఇనేసమ్మ గారి చెయ్యి పడింది. ఆ మంచి ట్రే నూకరత్నానిది. పొద్దున్నుంచీ ఒలిచినవి వరసగా పేర్చి ఉన్నాయి. నూకరత్నం చెయ్యి వెళ్లి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"నో. ఉస్తెద్ ఎస్పెరా. యో పేలో."

మీరు ఆగండి. నేను ఒలుస్తాను.

 ఆగడం అనే క్రియ నేను ఎప్పుడో ఒకసారి బోర్డు మీద రాసి చెరిపేశాను. ఒలవడం అనేది నేను నేర్పనే లేదు. ఎవరినడిగి తెలుసుకుందో, దానికి తోక తనే తగిలించుకుంది. పెదాలు కదపలేదు, కళ్లు మూసుకోలేదు. ఆరు మెట్లూ దిగి రాలేదు.

నూకరత్నం ఒక రొయ్య తీసి, ఆవిడకి కనిపించేలా పట్టుకుని, తోక దగ్గర కణుపు ఒకటి వదిలి ఒలిచింది. "పేలో," అంది. ఇంకొకటి తీసి ఆవిడ చేతిలో పెట్టి, "ఉస్తెద్ పేలా," అంది. ఇప్పుడు మీరు ఒలవండి అని. ఇనేసమ్మ గారు ఒలిచింది. తోక నిలిచింది. విరిగిన రెండూ నూకరత్నం ఏరి పక్క ట్రేలో వేసేసింది, ఆవిడ ముందే. ఇనేసమ్మ గారు పకపకా నవ్వింది. తర్వాత అడిగిన ప్రశ్నలకి నూకరత్నం ఒకటి రెండు మాటల్లో జవాబులు చెప్పింది. సగం తప్పులు. కాని అడిగినదానికే చెప్పింది.

అనువాదం

బయటికి వచ్చాక ఇనేసమ్మ గారు గ్లవుజులు ఊడదీస్తూ, మా వైపు తిరిగి, మూడు చిన్న వాక్యాలు చెప్పింది. రాజు గారు నన్ను చూశారు. నూకరత్నం కాస్త దూరంగా గోడ పక్కన బూట్లు కడుక్కుంటోంది.

"ఏమన్నారండీ ఆవిడ?"

ఆవిడ అన్నది ఇది: ఈమె మాట్లాడటం బాగాలేదు. ఒలవడం బాగుంది. అజమాయిషీ ఇంకా బాగుంది.

"పని బాగా చేస్తుందిట. అజమాయిషీ ఇంకా బాగుందిట," అన్నాను.

"స్పానిష్ సంగతో?"

"అజమాయిషీ అంతా స్పానిష్‌లోనే చేసింది కదండీ."

రాజు గారు తలూపారు. "సరే, ఒకటో తారీకు నుంచి చేరమనండి."

అనువాదకుడు ఇలా చేయకూడదు. మీరు చేయకండి. పట్టుబడితే నా పేరు చెప్పకండి.

ఈ సంగతి సత్యం గారికి తెలిసిన వారంలోపే సెంటరు మెట్ల దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. నూకరత్నం ఫొటో, కింద "మా ఇంపార్టెంట్లతో విదేశీ కంపెనీలో విజయం". ఆ ఇరవై ప్రశ్నలకీ జిరాక్సులు తీయించి పంచారు. నేను అడ్డం చెప్పబోతే, "అవి చదివే కదండీ సెలెక్టయింది" అన్నారు. చదివిన మాట నిజమే కాబట్టి ఊరుకున్నాను.

ప్లాంటుకి వెళ్లిన రోజు మధ్యాహ్నం నేనూ నూకరత్నమూ ప్లాంటు గేటు బయట బస్సు కోసం నిలబడ్డాం. ఉద్యోగం వచ్చిందని చెప్పాను. ఆమె ముందు వాళ్లాయనకి ఫోను చేసింది. "పన్నెండు నెలలూనంట. ఆఁ, ఇంక నీ మొహం నువ్వే చూసుకో," అని పెట్టేసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"మాస్టారూ, ఆవిడ మూడు ముక్కలు అందండి. మీరు రెండే చెప్పారు."

నేను బస్సు వచ్చే వైపు చూశాను. రావడం లేదు.

"ఆబ్లా మాల్ అందండి ముందు. మాట బాగాలేదని. నా గురించే."

"నీ గురించే అని ఎలా తెలిసింది?"

"చివర చూశానండి. ఆబ్లా అంది. మీ గురించి మీతో అంటే ఇంకోలా అనాలి కదండీ."

"మీతో కూడా ఆబ్లా అనే అనాలమ్మా, ఉస్తెద్ అయితే."

"అవునండోయ్," అని ఆలోచించింది. "అయితే మీ గురించి కూడా అయ్యుండొచ్చు."

బస్సు మలుపు తిరిగింది. ఆమె సంచీ భుజానికెత్తుకుంది.

"అంతా విన్నదానివి, అక్కడే చెప్పొచ్చు కదా. ఎందుకు ఊరుకున్నావు?"

"మీరేం చెబుతారో చూద్దామనండి. నాకు పొద్దున్నుంచీ ముగ్గురు కలిసి పరీక్ష పెట్టారు. మీకూ ఒకటి ఉండాలి కదండీ."

"ఎన్ని మార్కులు వేశావు?"

"పాసేనండి," అంది బస్సెక్కుతూ. "సోమవారం నుంచి మళ్లీ వస్తాను. ఈసారి ఆ కాగితాలు వద్దండి."